భూమికి పగ్గం

నువ్వులవలసలో గవిరేసు ఇంటివాళ్ళకి అన్నీ ఉన్నాయి. తాతలనాటి గానుగ ఉంది. దాన్ని తిప్పడానికి కర్రి అనే నల్లెద్దు ఉంది. పెరట్లో ములగచెట్టు ఉంది. లేనిదల్లా ఒక్కటే, తమకి తెలివి తక్కువేమోనన్న అనుమానం. అది మాత్రం ఆ ఇంటి గుమ్మం ఏనాడూ తొక్కలేదు.

గవిరేసు, పెళ్ళాం నూకాలమ్మ, తమ్ముడు బుచ్చన్న. ముగ్గురికీ సరిపోయాక మిగిలిన తెలివిని ఊరికి పంచుదామన్న దయ కూడా వాళ్ళకి ఉండేది. ఊరే తీసుకునేది కాదు. ఒకసారి తమలపాకులు అమ్ముకునే ఆయనెవరో గంప వాళ్ళ అరుగు మీద దించి, "మంచినీళ్ళు తాగొస్తాను, కాస్త నా గంప చూస్తూ ఉండండి" అని వెళ్ళాడు. ముగ్గురూ రెప్ప వెయ్యకుండా చూశారు. ఇంతలో మేకొచ్చింది. అయినా చూశారు. ఆయన తిరిగొచ్చి గంప బోర్లించి నెత్తి బాదుకుంటే గవిరేసు నిమ్మళంగా అన్నాడు. "చూస్తూ ఉండమన్నావు, చూశాం. మేక తిన్నవి మూడు వందల పన్నెండు ఆకులు. లెక్క తప్పితే అడుగు. తోలమని నువ్వనలేదు గదా."

అలాంటి ఇల్లు అది. ఆ ఇంట్లో నూకాలమ్మ, మొగుడి తెలివి కంటే తన తెలివి ఒక్క మెట్టు కిందే అనుకునేది. ఆయనేదైనా అంటే కాసేపు గాల్లోకి చూసేది. చూసి, "నిజమే సుమీ" అనేది. అంతే, ఇంక ఆ మాటకి తిరుగుండేది కాదు.

అయితే ఈ మధ్య ఆవిడ మనసు మొగుడి మాటల మీద లేదు, కూతురి మీద ఉంది. పైడమ్మ ఒక్కతే కూతురు. తూర్పున రెండు కోసుల దూరంలో మామిడిపుట్టిలో ఇచ్చారు. ఇప్పుడు నెలలు నిండాయి. తొలి కాన్పు. పుట్టింటికి తెచ్చుకోవాలి. నూకాలమ్మ గది అలికింది, మెత్తటి పాత చీర చింపి బొంతలు కుట్టింది, బాలింతకని మంచి నువ్వులు ఏరి పెట్టింది. రోజుకి నాలుగుసార్లు ఆ గదిలోకి తొంగి చూసి ఊరికే నవ్వుకునేది.

వియ్యపురాలు అంకమ్మ మాటంటే మాటే. గిన్నెలమ్మేవాడి చేత కబురు పెట్టింది. "శుక్రవారం మధ్యాహ్నం అయ్యేలోగా వచ్చి పిల్లని తీసుకెళ్ళండి. ఆ తరవాత మూఢం. మధ్యాహ్నం దాటి వచ్చారో, పిల్లని గడప దాటించను. కాన్పు ఇక్కడే."

"అలాగేలే" అన్నాడు గవిరేసు. రెండు కోసుల దూరం. చీకటితో లేచి నడిస్తే చద్దన్నం వేళకి చేరొచ్చు. అందులో ఏముంది?

ఏమీ ఉండేది కాదు, బుధవారం నాడు ఆ పంతులమ్మ రాకపోయుంటే.

చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు, మెళ్ళో బిళ్ళ. జనానికి ఏం తెలుసో ఏం తెలీదో రాసుకు రమ్మని పట్నంలో ఏదో సంఘం వాళ్ళు పంపారట. ఊళ్ళో అందర్నీ ఒకటే అడిగింది. భూమి చుట్టూ సూర్యుడు తిరుగుతాడా, సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందా? సర్పంచి, "ఏది తిరిగినా మా పంచాయితీకి అభ్యంతరం లేదని రాసుకోండి" అన్నాడు. మేష్టారు, "అది మూడో తరగతి పాఠం, నేను ఐదో తరగతి చెప్తాను" అన్నాడు. కొట్టు పెట్టుకున్న సన్నాసి, తలుపు చాటునించి, "ఆయన ఊళ్ళో లేడు" అన్నాడు.

చివరికి గానుగ దగ్గరకొచ్చింది.

"సూర్యుడే తిరుగుతాడమ్మా" అన్నాడు గవిరేసు. "పొద్దున్న ఆ ములగచెట్టు దగ్గరుంటాడు, సాయంత్రం ఈ పేడకుప్ప దగ్గరుంటాడు. నడవకుండా ఎలా వచ్చాడు?"

"కాదు పెద్దాయనా. సూర్యుడు అక్కడే ఉంటాడు. మనమే తిరుగుతాం." ఆ పిల్లకి వీళ్ళకెలా చెప్పాలో తెలీలేదు. అటూ ఇటూ చూసింది. నడుమ రాతి రోలు, రోట్లో నిలువెత్తు రోకలి, రోకలికి కట్టిన పలక, ఆ పలకని లాగుతూ చుట్టూ తిరుగుతున్న కర్రి. మొహం విప్పారింది. "ఇదిగో, అచ్చం మీ గానుగే. ఆ రోకలి సూర్యుడు. ఈ ఎద్దు భూమి. ఎద్దు వీపు మీద ఈగ ఉంది చూశారా, అది మనం. ఏడాదికి ఒక చుట్టు. ఆ తిరగడంలోనే రోజుకోసారి తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది, పడమటి నించి తూర్పుకి. చంద్రుడేమో ఈ ఎద్దు చుట్టూ నెలకోసారి తిరుగుతాడు."

"అచ్చం గానుగే?" అన్నాడు గవిరేసు.

"అచ్చం" అంది పంతులమ్మ.

ఇంకేముంది, ముగ్గురి చేతా ఆ మాట అప్పజెప్పించుకుని మూడు టిక్కులు పెట్టింది. "ఊరు మొత్తం మీద సరైన జవాబు మీ ఇంట్లోనే దొరికింది" అని మెచ్చుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది. అర్థమయిందా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

గవిరేసు ఆ సాయంత్రం ఎత్తిన మెడ దించలేదు. "విన్నావటే నూకాలూ. సూర్యుడు రోకలి. భూమి ఎద్దు. ఇన్ని తరాలుగా మనం చేస్తున్నది భూమి తోలే పనే. తెలీక నూనె తీస్తున్నామనుకుంటున్నాం."

నూకాలమ్మ గాల్లోకి చూసింది. "మావా, పొద్దల్లా తిరిగితే కర్రికి కుడితి పెడతాం. మరి భూమికో?"

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పుట్టి ఇన్నేళ్ళయింది, ఎవరూ భూమికి గుక్కెడు కుడితి పోసిన పాపాన పోలేదు. బుచ్చన్నకి కళ్ళు చెమ్మగిల్లాయి. అంతే, కర్రి కోసం కలిపిన కుడితి తొట్టె ఎత్తి వాకిట్లో కుమ్మరించారు. గడగడా తాగేసింది భూమి.

"చూశారా ఎంత దాహం మీదుందో" అన్నాడు బుచ్చన్న. ఇంకో తొట్టె పోశారు. అదీ తాగింది. వాకిలంతా బురదయింది. కర్రి గాటి కాడ నిలబడి చూసింది.

"మరి చంద్రుడు?" అంది నూకాలమ్మ.

"ఎద్దు చుట్టూ తిరిగేది ఏమవుతుంది? దూడ" అన్నాడు గవిరేసు.

"ఎద్దుకి దూడేంటన్నా" అన్నాడు బుచ్చన్న.

గవిరేసు కొంచెం తగ్గాడు. "అయితే భూమి ఆవై ఉంటుంది."

నూకాలమ్మ దిగ్గున లేచింది. "ఆవునా? అదీ పసిదూడ తల్లిని గానుగకి కట్టిందెవడు మావా? వాడింట్లో ఆడకూతుళ్ళు లేరా?" ఆవిడకి పైడమ్మ కళ్ళ ముందు మెదిలింది. ఆ బాధలోనే పచ్చగడ్డి మోపొకటి ఇంటికప్పు మీదకి విసిరింది, దూడకని. చంద్రుడు వంగి తింటాడో లేదో గానీ, పక్కింటి మేకలు గోడెక్కి వచ్చి గడ్డితో పాటు కప్పు మీది తాటాకూ నమిలిపోయాయి.

గురువారం తెల్లారేసరికి నూకాలమ్మకి తల తిరగడం మొదలయింది.

"ఎందుకు తిరగదు?" అన్నాడు గవిరేసు. "నువ్వు పుట్టి నలభై రెండేళ్ళు. రోజుకోసారి గిర్రున తిరిగావు. ఆ మాట నిన్నటిదాకా తెలీలేదు కాబట్టి తల తిరగలేదు. కర్రికెందుకు తిరగదో తెలుసా? గంతలు కడతాం గనక."

నిజమే సుమీ. ఎద్దు కళ్ళకి గంతలు కట్టకపోతే నాలుగు చుట్లకే తూలిపోతుంది. అంతే, ముగ్గురూ కళ్ళకి గంతలు కట్టుకుని ఆ రోజు పనులన్నీ చేసుకున్నారు. నూకాలమ్మ కూతురికి చలిమిడి చేసింది. బియ్యప్పిండి డబ్బా, తవుడు డబ్బా పక్కపక్కనే ఉంటాయి. ఆవిడ చెయ్యి తవుట్లో పడింది. బెల్లం పాకంలో తవుడు కలిపి, యాలకులు దంచి వేసి, బుట్టనిండా ముద్దలు పెట్టింది. బుచ్చన్న బాలింత నూనె కుండ అనుకుని కుడితి కుండ మూతికి గుడ్డ వాసెన కట్టి, దాని పక్కన పెట్టాడు. గవిరేసు కర్రిని నీళ్ళకి తోలుకెళ్ళాననుకుంటూ పక్కింటాయన్ని చెయ్యి పట్టుకుని చెరువు దాకా తీసుకెళ్ళాడు. ఆయన పెద్దమనిషి. నీళ్ళ దాకా ఏమీ అనలేదు. తాగమని మెడ వంచినప్పుడు మాత్రం ఊరుకోలేదు. గవిరేసు బుగ్గ సాయంత్రానికి పొంగిన బూరెలా తయారయింది.

"భూమి కుదుపు" అన్నాడు ఇంటికొచ్చి.

శుక్రవారం చీకటితో లేచారు. ప్రయాణానికి దారి కనబడాలి గదా అని గవిరేసు గంతలు విప్పేశాడు. నూకాలమ్మ ఒక కన్నే విప్పింది, సగం తిరుగుడైనా తప్పుతుందని. చలిమిడి బుట్ట నెత్తిన పెట్టుకుంది. కుండ మొగుడి చేతికిచ్చింది. వీధిలోకొచ్చి అలవాటుగా తూర్పుకి తిరిగింది.

"ఆగు" అన్నాడు గవిరేసు. "అటెక్కడికి?"

"మామిడిపుట్టి అటే గదా మావా."

"అందుకే అటు వెళ్ళకూడదు. రా, కళ్ళతో చూపిస్తా."

మళ్ళీ పెరట్లోకి తీసుకెళ్ళాడు. కర్రిని గానుగకి కట్టి, బుచ్చన్నని పలక మీద కూర్చోబెట్టి తోలమన్నాడు. "బుచ్చన్నే మామిడిపుట్టి అనుకో. భూమి తూర్పుకి తిరుగుతోంది, మామిడిపుట్టి తూర్పుకి పోతోంది. ఇప్పుడు నేను దాని వెంట పడతాను చూడు." పలక వెనకాల నడిచాడు. మూడు చుట్లు నడిచినా బుచ్చన్న అందలేదు, అందకుండా వెనక్కి తిరిగి పళ్ళికిలించాడు. "చూశావా. ఇప్పుడు ఎదురెళ్తాను." ఇటు తిరిగి నాలుగడుగులు వేశాడు. బుచ్చన్న ఎదురొచ్చి ఒళ్ళో పడ్డాడు. "గానుగెద్దుని పట్టుకోవాలంటే వెంటపడం. ఎదురెళ్తాం. తూర్పునున్న ఊరిని పడమటికెళ్ళి పట్టుకోవాలి."

నూకాలమ్మ ఒంటికన్నుతో అంతా చూసింది. "మరి ఇన్నాళ్ళూ తూర్పుకెళ్ళే చేరాం గదా?"

"చేరి ఏం చేశావు? కాళ్ళనెప్పులని రెండ్రోజులు పడుకున్నావు. పరిగెత్తే ఊరి వెంట పడితే నెప్పులు రావా?"

కాళ్ళనెప్పుల సంగతి నిజమే. ఇంకేముంది, ఇద్దరూ పడమటి దారి పట్టారు. వెనకాల సూర్యుడు పొడిచాడు. నూకాలమ్మ నడుస్తూ నడుస్తూ కూతురితోనే మాట్లాడుకుంటోంది మనసులో. వస్తున్నానే తల్లీ, నువ్వూ మీ ఊరూ అటునించి వస్తూ ఉండండి, మధ్యలో కలుద్దాం అని.

ఎండెక్కే వేళకి ఊరొకటి ఎదురయింది. ఊరి మొదట్లో టీ కొట్టు. బల్లల మీద అరడజను మంది మగాళ్ళు.

"ఇది మామిడిపుట్టేనా నాయనా?" అని అడిగింది నూకాలమ్మ.

"బోడిమెట్ట" అన్నాడు ఒకడు. "మామిడిపుట్టి తూర్పున గదా, ఇటొచ్చారేంటి?"

గవిరేసు గానుగ సంగతంతా విడమరిచి చెప్పాడు. బల్లల మీద వాళ్ళు టీలు ఒలికేలా నవ్వారు. ఒకడు నవ్వాపుకుంటూ, "అయ్యో, మామిడిపుట్టి ఇందాకే ఇటు పోయింది. మీరు కాస్త ముందొచ్చుంటే దొరికేది" అన్నాడు.

నూకాలమ్మ బుట్ట దించి నేల మీద కూలబడింది.

"ఊరుకో, మళ్ళీ చుట్టు తిరిగొస్తుందిలే" అన్నాడు గవిరేసు. "వీళ్ళకి నవ్వులాటగా ఉంది. భూమి తిరుగుతుందని తెలిసినవాళ్ళయితే నవ్వరు."

"మాకు తెలీదనా?" అని లేచాడు టీ కొట్టాయన. "తిరిగితే ఈ గ్లాసులో టీ ఒలకదూ? సూర్యుడే తిరుగుతాడు."

"నీ మొహం. భూమే తిరుగుతుంది, రోజుకోసారి సూర్యుడి చుట్టూ" అన్నాడు ఒకడు.

"రోజుకి కాదెహే, నెలకి."

"నెలకి తిరిగేది చంద్రుడు, సూర్యుడి చుట్టూ."

"మరి అమావాస్యకి ఎక్కడికి పోతాడు?"

"అమావాస్యకి సెలవు."

మూల కూర్చున్న కుర్రాడొకడు డిగ్రీ చదివాడట. అందరూ వాడి వైపు తిరిగారు. "అది పరీక్షలో వచ్చింది, రాశాను, రెండు మార్కులు వేశారు" అన్నాడు వాడు. "అప్పుడేం రాశానో ఇప్పుడెందుకు?"

అంతే, మాటా మాటా పెరిగింది. ఒకడు ఇంకొకడి తువ్వాలు పట్టుకున్నాడు. గవిరేసుని చూసి నవ్వినవాళ్ళు ఆరుగురు, ఆరుగురి దగ్గరా ఆరు జవాబులు. గవిరేసు నడుమ నిలబడి ఎవరికీ టిక్కు పెట్టలేక తల అడ్డంగా ఊపుతున్నాడు.

టీ కొట్టాయన భార్య అసిరమ్మ గ్లాసులు కడుగుతూ ఇదంతా వింది. చేతులు చెంగుకి తుడుచుకుని నూకాలమ్మ పక్కన కూర్చుంది. "నీ కూతురికెన్నో నెలమ్మా?"

"నిండాయి. మధ్యాహ్నంలోగా చేరకపోతే పంపరట." నూకాలమ్మ గంత కట్టిన కంట్లోంచి కూడా నీళ్ళు కారాయి.

"లే. అదిగో బస్సు. మామిడిపుట్టి పోతుంది." అసిరమ్మకీ ఏది దేని చుట్టూ తిరుగుతుందో తెలీదు. బస్సు ఎటు పోతుందో తెలుసు. ఇద్దర్నీ రెక్క పట్టుకుని ఎక్కించింది.

"మామిడిపుట్టి వచ్చినప్పుడు చెప్పు బాబూ" అంది నూకాలమ్మ కండక్టరుతో.

"వస్తే చెప్తాలే, కూర్చో."

గవిరేసు మోచేత్తో పొడిచాడు. "విన్నావా. ఊరొస్తే చెప్తానన్నాడు. మనం వెళ్తే అనలేదు. చదువుకున్నవాడు." బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే తాడిచెట్లు, కరెంటు స్తంభాలు, గేదెలు, అన్నీ వెనక్కి పరిగెడుతున్నాయి. గవిరేసు ఆనందం పట్టలేకపోయాడు. "మనం కదిలామా? లేదు. కూర్చునే ఉన్నాం. భూమే పోతోంది." నువ్వులవలస కూడా వచ్చి పోయింది. తాటాకు లేని తమ ఇంటికప్పు, గంతలు కట్టుకుని వీధిలో కర్రిని వెతుక్కుంటున్న బుచ్చన్న, బుచ్చన్న వెనకాలే నడుస్తున్న కర్రి, అన్నీ ఒక్క క్షణం కనబడి వెళ్ళిపోయాయి.

"మన ఊరు కూడా తిరుగుతోంది మావా" అంది నూకాలమ్మ విచిత్రపడుతూ.

"తిరగక? మన ఊరికేం తక్కువ?"

మామిడిపుట్టిలో దిగి, పరుగులాంటి నడకతో వియ్యాలవారి వాకిట్లోకి చేరేసరికి అంకమ్మ నడుం మీద చేతులేసుకుని నేలకేసి చూస్తోంది. తూర్పు ముఖం ఇల్లది. పొద్దున ఎండ గడప మీద పడుతుంది. పొద్దెక్కే కొద్దీ చూరు నీడ గడప దిగి ముందుకి జరుగుతుంది. మెట్టు రాయిని తాకిందంటే ఆ ఇంట్లో మధ్యాహ్నం. అప్పటికి నీడ మెట్టు రాయిని దాటి జానెడు ముందుకొచ్చేసింది.

"అయిపోయింది వదినా" అంది అంకమ్మ. "జానెడు దాటింది. మాటంటే మాటే. పిల్లని గడప దాటించను."

గడప లోపల పైడమ్మ మూట పట్టుకుని నిలబడి ఉంది, పొద్దున్నించీ. తల్లిని చూసి పెదవి కొరుక్కుంది. నూకాలమ్మ చెయ్యి చాపింది. గడప ఇటు చెయ్యి, గడప అటు చెయ్యి. మధ్యలో అంకమ్మ.

"అక్కా, ఒక్క మాట" అన్నాడు గవిరేసు. "నీడ జరిగింది అన్నావు. నీడ ఎందుకు జరిగింది?"

"పొద్దు జరిగింది గనక."

"అక్కడే పొరపడ్డావు. పొద్దు రోకలి. కదలదు. మా ఇంటికొచ్చి కాగితం మీద రాసుకు మరీ వెళ్ళారు. కదిలింది భూమి. జానెడు ముందుకి పోయింది, అంతే. ఎద్దు జానెడు ముందుకి పోతే ఏం చేస్తాం? పగ్గం వేసి వెనక్కి లాగుతాం."

అంకమ్మ ఆలోచించింది. ఆవిడా తెలివైన మనిషే. మాట తప్పకూడదు, అంతవరకే ఆవిడ పట్టుదల. "నీడని మెట్టు రాయికి ఇవతల చూపించావంటే నాకేం అభ్యంతరం? పట్టుకెళ్ళు పిల్లని. ఒరే తవిటీ, ఎద్దుని విప్పుకు రా."

అల్లుడు తవిటయ్య తల్లి మాట జవదాటడు, అత్తారి మాట అసలే జవదాటడు. ఎద్దునీ, పది బారల పొడుగు మోకునీ తెచ్చాడు. ఇప్పుడు మోకు దేనికి కట్టాలి? భూమికి కొమ్ములు కనబడలేదు. నలుగురూ చుట్టూ వెతికారు. చెట్టుకి కడితే కొమ్మ విరుగుతుంది. రాటకి కడితే రాట ఊడుతుంది. భూమిని గట్టిగా పట్టుకున్నది కావాలి.

"మా నిట్రాడు" అంది అంకమ్మ గర్వంగా. ఇంటి నడుమ కప్పునంతా మోసే గుంజ అది. "మా మావగారు నాలుగు మూరలు లోతు తీసి పాతారు. అంత గట్టిగా భూమిని పట్టుకున్నది ఈ ఊళ్ళో ఇంకోటి లేదు."

తూర్పుకి పోయినదాన్ని పడమటికి లాగాలి. కాబట్టి మోకు నిట్రాటికి కట్టి, దొడ్డిగుమ్మంలోంచి బయటికి తీసి, దొడ్లో ఎద్దుకి తగిలించారు. "లోపలుంటే పిల్ల కాళ్ళకి మోకు అడ్డం పడుతుంది, ఇటు తీసుకురా" అంది అంకమ్మే. పైడమ్మ దొడ్డిగుమ్మంలోంచి బయటికొచ్చి జామచెట్టు కింద నిలబడింది, మూటతో సహా.

"అమ్మా" అంది మెల్లిగా. "నేను బయటికొచ్చేశాను గదా. పోదామా?"

"ఉండవే. ఇంకా మధ్యాహ్నం వెనక్కి పోలేదు" అంది నూకాలమ్మ.

"హెయ్" అన్నాడు తవిటయ్య. ఎద్దు కదల్లేదు. తోక మెలేశారు, కదల్లేదు. అప్పుడు దానికి నూకాలమ్మ బుట్టలోని చలిమిడి వాసన తగిలింది. తవుడూ, బెల్లమూ, యాలకులూ. పుట్టి అంత కమ్మటి తవుడు అదెప్పుడూ తినలేదు. ఇంకేముంది, మెడ చాచింది. నూకాలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అది రెండడుగులు ముందుకి వేసింది. మోకు బిగుసుకుంది.

"వస్తోంది, భూమి వస్తోంది" అన్నాడు గవిరేసు. కిర్రుమంటూ ఏదో కదిలింది కూడా. "ఇంకొంచెం వెనక్కి నడవవే నూకాలూ. నీ కూతురు ఇంకో జానెడు దూరంలో ఉంది."

ఆ మాటతో నూకాలమ్మ బుట్ట గుండెకి హత్తుకుని వెనక్కి వెనక్కి పరిగెత్తింది. ఎద్దు ఆవిడ వెంట పరిగెత్తింది. నిట్రాడు ఎద్దు వెంట వచ్చింది. కప్పు నిట్రాటి వెంట వచ్చింది. పెంకులు ముందు ఒకటొకటిగా, తరవాత జలజలా, ఆ తరవాత దూలాలూ వాసాలూ గోడలూ అన్నీ కలిసి, తుఫాను వచ్చినట్టు ఒక్క చప్పుడు. దుమ్ము లేచి జామచెట్టు కూడా కనబడలేదు.

దుమ్ము అణిగింది. మనుషులకి ఏమీ కాలేదు. ఎద్దు చలిమిడి తింటోంది.

అంకమ్మ పెంకుల కుప్ప చుట్టూ తిరిగి వీధివైపు వెళ్ళింది. మెట్టు రాయి ఉండాల్సిన చోట వంగి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. చూరు లేదు. చూరు లేదు గనక నీడ లేదు.

"నీడ మెట్టు రాయి దాటలేదు" అంది చివరికి.

"నే చెప్పలా" అన్నాడు గవిరేసు, దుమ్ము దులుపుకుంటూ.

"అయితే మధ్యాహ్నం కాలేదు. మాటంటే మాటే. పిల్లని తీసుకెళ్ళు వదినా." అని, నాలుగు పెంకులు తిరగేసి చూసి, "నేనూ వస్తాను. నా పొయ్యి ఎక్కడుందో కనబడటం లేదు" అంది.

నూకాలమ్మ కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. గంత ఊడి ఎప్పుడో పడిపోయింది. రెండు కళ్ళతోనూ చూసుకుంది పిల్లని. తల తిరగలేదు. మొగుడు భూమిని కదిలించాడు, కూతురు చేతికొచ్చింది. ఆ తెలివిని మెచ్చుకోవడానికి ఆవిడకి మాటలు చాల్లేదు.

పక్కవాళ్ళ బండి ఒకటి మాట్లాడుకుని ఎక్కబోతుంటే గవిరేసు మొహం మారింది. "ఆగండి. ఇప్పుడు మోకు వదిలేస్తే? వెనక్కి లాగిన భూమి మళ్ళీ జారి ముందుకి పోదూ? మనం దారిలో ఉండగానే మధ్యాహ్నం అయిపోయి కూర్చుంటుంది."

అందరూ మోకు వైపు చూశారు. ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. ఎవరు? పుట్టబోయే బిడ్డకి తండ్రి ఉండగా ఇంకొకరిని అడగడం ఏం మర్యాద? తవిటయ్య మోకు రెండు మెలికలు చేతికి చుట్టుకుని, మడమలు నేలలో దిగేసి నిలబడ్డాడు. ఎద్దుని పక్కన పెట్టుకున్నాడు. పైడమ్మ బండి వెనకాల కూర్చుని, మలుపు తిరిగేదాకా మొగుడినే చూసింది. ఆ చూపులో ఎంత గర్వముందో చెప్పలేం.

వాళ్ళు నువ్వులవలస చేరారు. అలికిన గదిలో పైడమ్మ కాళ్ళు చాపుకుని పడుకుంది.

అక్కడ మామిడిపుట్టిలో గేదెలు ఇంటికి మళ్ళే వేళయింది. చేలోంచి వస్తున్న ముసలాయన ఒకడు పెంకుల కుప్పనీ, దాని పక్కన చెమటలు కక్కుతూ మోకు లాగిపట్టి నిలబడ్డ తవిటయ్యనీ చూసి ఆగాడు. సంగతి అడిగి తెలుసుకున్నాడు. పడమటి వైపు చెయ్యి చూపించాడు.

"అది సరే గానీ నాయనా, పొద్దు గుంకిపోయింది గదా."

తవిటయ్య తల తిప్పి చూశాడు. సిగ్గుతో మొహం ఎర్రబడింది.

"ఇందాక ముక్కు దురదపెడితే ఒక చెయ్యి వదిలానండి" అన్నాడు. "కాస్త జారింది. మా అత్తగారికి చెప్పకండి."